చిక్కు తీయమంటే జుట్టు పట్టుకొంటామా?

మన వృత్తిలో ఒక మూఢనమ్మకం పాతుకుపోయి ఉన్నది. ఎవరి నోరు ఎంత కటువైతే వారి బుర్ర అంత పదునన్నది ఆ నమ్మకం. ఎదుటివాడు నెలరోజులు కూర్చొని గీసిన డిజైనును "చెత్త" అని ఒక్క మాటలో తేల్చేసినవాణ్ణి మేధావి అంటాము. "నాకిది అర్థం కాలేదు, కాస్త వివరిస్తారా?" అని అడిగినవాణ్ణి వెనకబెంచీలో కూర్చోబెడతాము. సాఫ్టువేరు నిర్మాణంలో ఏది సరళం, ఏది జటిలం అన్న ప్రశ్న తలెత్తినప్పుడల్లా ఈ నమ్మకానికి పూనకం వస్తుంది.

ముందే మనవి చేసుకొంటున్నాను. ఇది "అందరమూ మంచిగా ఉందాము" అన్న సుభాషితం కాదు. నేను దెబ్బలాటకే వచ్చాను. నా ప్రతిపక్షులు రెండు రకాలవారు. కటువుగా మాట్లాడటమే నిజాయితీ అనుకొనేవారు మొదటి రకం. మర్యాద పేరు చెప్పి అసలు విభేదించడమే తప్పన్నట్లు నోరు నొక్కేవారు రెండవ రకం. ఈ ఇద్దరూ పైకి బద్ధశత్రువులలాగా కనబడతారు గాని, ఇద్దరి వల్లా జరిగే నష్టం ఒక్కటే. చెప్పవలసిన మాట చెప్పవలసిన సమయానికి చెప్పకుండా పోతుంది.

మాటల సంగతి

మొదట మన భాషలో ఉన్న ఒక సదుపాయాన్ని చూడండి. జటిలం అన్న మాట జట నుంచి వచ్చింది. జట అంటే ఒకదానిలో ఒకటి అల్లుకుపోయిన జుట్టు. ఒక పాయను లాగితే పక్కపాయ కూడా కదులుతుంది. సాఫ్టువేరులో జటిలత అంటే సరిగ్గా ఇదే. పన్ను లెక్కగట్టేచోట ఒక అక్షరం మార్చితే రసీదు అచ్చువేసేచోట గోడ కూలుతుంది. సరళం అంటే వంకర లేనిది, తిన్ననైనది. సులభం అంటే తేలికగా లభించేది, అంటే చేతికి అందేంత దూరంలో ఉన్నది.

క్లోజర్ భాషను సృష్టించిన రిచ్ హికీ 2011లో చేసిన ఒక ప్రసిద్ధ ప్రసంగంలో సరళం వేరు, సులభం వేరు అని ఇంగ్లీషువారికి నచ్చజెప్పడానికి లాటిను ధాతువుల దాకా తవ్వుకొంటూ వెళ్ళవలసి వచ్చింది. మనకు అంత తవ్వకం అక్కరలేదు. ఆ తేడా మాటలోనే కళ్ళెదుట ఉన్నది. అయినా దాన్ని వాడుకోము. "ఇది చాలా సింపుల్" అని ఒకరంటే "ఇదా సింపుల్?" అని మరొకరు విరుచుకుపడతారు. మొదటివారు చెప్పింది "నాకు అలవాటైనది" అని. రెండవవారు విన్నది "ముళ్ళు లేనిది" అని. ఇద్దరూ చెరొక ప్రశ్నకు జవాబు చెబుతూ ఒకరినొకరు మూర్ఖులనుకొంటారు.

రెండవ గందరగోళం ఇంకా లోతైనది. ఫ్రెడ్ బ్రూక్స్ 1986లో వ్రాసిన "నో సిల్వర్ బుల్లెట్" వ్యాసంలో జటిలతను రెండుగా విడగొట్టాడు. సమస్యతో పాటే పుట్టినది ఒకటి, మనం తెచ్చిపెట్టుకొన్నది మరొకటి. వీటిని పుట్టు జటిలత, పెట్టుడు జటిలత అందాము. జీతాలు లెక్కగట్టే ప్రోగ్రాములో ఆదాయపు పన్ను నియమాలు పుట్టు జటిలత. ఎంత గొప్ప ప్రోగ్రామరైనా వాటిని మాయం చేయలేడు. ఆ నియమాలను ఏడు ఫైళ్ళలో చల్లి, వాటిని కలపడానికి ఎనిమిదవ ఫైలు పెట్టడం పెట్టుడు జటిలత. పాత తరం పనిముట్లు పెట్టుడు జటిలతలో అధికభాగాన్ని ఇప్పటికే తొలగించాయి కనుక, పదేళ్ళలో ఉత్పాదకతను పదింతలు చేసే ఒకే ఒక్క మంత్రం దొరకదని బ్రూక్స్ వాదించాడు. 2006లో బెన్ మోస్లీ, పీటర్ మార్క్స్ "ఔట్ ఆఫ్ ది టార్ పిట్" అన్న పత్రంలో దీన్ని కాదన్నారు. పెద్ద వ్యవస్థలలో ఇంకా మిగిలిన జటిలతలో అధికభాగం పెట్టుడుదేనన్నది వారి వాదం. గమనించండి, వారు బ్రూక్స్ చేసిన విభజనను తీసుకొన్నారు, దాని విలువను ఒప్పుకొన్నారు, పాళ్ళ దగ్గర మాత్రం విభేదించారు. ఎక్కడ కలుస్తున్నారో, ఎక్కడ విడిపోతున్నారో చదివినవారికి స్పష్టంగా తెలుస్తుంది.

మనం చేసేది ఇందుకు విరుద్ధం. మన కోడులో ఉన్నదంతా పుట్టు జటిలత, ఎదుటివాడి కోడులో ఉన్నదంతా పెట్టుడు జటిలత. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఈ వాదాలకే ఇంత వేడి ఎందుకు?

రెండు ప్రోగ్రాములలో ఏది వేగంగా నడుస్తుందన్న తగాదా ఎక్కువసేపు నిలవదు. గడియారం పెట్టి చూస్తే తేలిపోతుంది. జటిలతకు అటువంటి గడియారం లేదు. 1976లో థామస్ మెక్కేబ్ ఒక కొలమానం ఇచ్చాడు. ఒక ఫంక్షనులో ఎన్ని స్వతంత్రమైన దారులున్నాయో అది లెక్కబెడుతుంది. ఉపయోగమే. కాని మూడు వందల చిన్నచిన్న ఫంక్షన్లు, ఒక్కొక్కదానిలో ఒక్కటే దారి, అయినా ఏది ఎప్పుడు ఎవరిని పిలుస్తుందో బ్రహ్మకు కూడా తెలియని కోడు ఉంటుంది. ఆ కొలత దాని జోలికి పోదు.

కొలత లేనిచోట అనుభవమే సాక్ష్యం. అనుభవం మనిషిని పట్టి ఉంటుంది కనుక, సాక్ష్యాన్ని ప్రశ్నించడమంటే మనిషిని ప్రశ్నించినట్లే తోస్తుంది. పైగా జటిలతకు మూల్యం చెల్లించేవాడు వేరొకడు. డిజైను గీసినవాడు మరో ప్రాజెక్టుకు వెళ్ళిపోతాడు, అర్ధరాత్రి ఫోను మోగితే లేచేవాడు ఇంకొకడు. గీసినవాడికి ఆ ముడి అందంగానే కనబడుతుంది, విప్పవలసినవాడికి తెలుస్తుంది దాని సంగతి. ఈ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చొన్నప్పుడు వేడి పుట్టకపోతేనే ఆశ్చర్యం.

కాబట్టి వేడి ఉండకూడదని నేను అనను. ఆ వేడితో ఏమి వండుతున్నామన్నదే నా ప్రశ్న.

ఒక శీర్షిక చేసిన చేటు

1968 మార్చిలో ఎడ్స్గర్ డైక్‌స్ట్రా గోటూ వాక్యాన్ని వ్యతిరేకిస్తూ వ్రాసిన ఉత్తరం అమెరికన్ కంప్యూటర్ శాస్త్రజ్ఞుల పత్రికలో అచ్చయింది. ఎక్కడి నుంచి ఎక్కడికైనా దూకే వీలుంటే ప్రోగ్రాము నడక ఏ క్షణంలో ఎక్కడ ఉన్నదో మనిషి మనసు పట్టుకోలేదన్నది అందులోని సారం. చక్కని వాదం, వాదంగానే వ్రాశాడు. అయితే లోకానికి గుర్తున్నది ఆ వాదం కాదు, "హానికరమని భావించబడినది" అన్న శీర్షిక. ఆ శీర్షిక ఆయన పెట్టినది కాదు. ఆయన పెట్టుకొన్న పేరు "గోటూ వాక్యానికి వ్యతిరేకంగా ఒక వాదన" అన్న అర్థం వచ్చేది. త్వరగా అచ్చువేసే ఉద్దేశంతో దాన్ని ఉత్తరంగా మార్చి, ఈ కొత్త శీర్షిక తగిలించినవాడు అప్పటి సంపాదకుడు నిక్లావుస్ విర్త్.

ఆ తరువాత ఆ శీర్షిక ఒక అంటువ్యాధి అయింది. అదీ హానికరమే, ఇదీ హానికరమే. 1987లో ఫ్రాంక్ రూబిన్ అదే పత్రికలో "గోటూ హానికరమనడమే హానికరం" అంటూ వ్రాశాడు. దాని మీద మరికొన్ని ఉత్తరాలు, ఆ ఉత్తరాల మీద ఉత్తరాలు. ఆ తంతు చూసి డైక్‌స్ట్రా తన నిరాశను వెలిబుచ్చుతూ ఒక లేఖ వ్రాసుకోవలసి వచ్చింది.

ఈ రెండింటి మధ్య, 1974లో, డోనల్డ్ కనూత్ ఒక సుదీర్ఘమైన వ్యాసం వ్రాశాడు. ఎక్కడ గోటూ తీసివేస్తే కోడు బాగుపడుతుందో, ఎక్కడ ఉంచితేనే బాగుంటుందో ఉదాహరణ మీద ఉదాహరణగా చూపించాడు. తాను గోటూ విషయంలో మొండిపట్టు పట్టినవాణ్ణి కానని డైక్‌స్ట్రా తెలియజేసిన మాటను కూడా అందులో పొందుపరిచాడు. అంటే ప్రతిపక్షిని గడ్డిబొమ్మగా చేసి తగలబెట్టే అవకాశం చేతిలో ఉండి కూడా, ఆ బొమ్మను తానే పక్కకు తీసి పెట్టాడు. యాభై ఏళ్ళ తరువాత ఆ వ్యాసం చదివినా పనికొచ్చే విషయం దొరుకుతుంది. "హానికరం" అన్న కేకలలో ఎన్ని మిగిలాయో మీరే చెప్పండి.

ఓటమి ఒప్పుకోకుండా స్నేహం

1992 జనవరి 29న ఆండ్రూ టానెన్‌బామ్ మినిక్స్ చర్చావేదికలో "లినక్సు కాలం చెల్లింది" అన్న శీర్షికతో ఒక లేఖ పెట్టాడు. మినిక్సు ఆయన 1987లో పాఠాలు చెప్పడం కోసం తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టమ్. కెర్నెల్ చిన్నదిగా ఉండాలి, ఫైళ్ళ వ్యవహారం, డ్రైవర్ల వ్యవహారం దాని బయట వేరువేరు ప్రక్రియలుగా నడవాలి అన్నది ఆయన సిద్ధాంతం. అన్నింటినీ ఒకే ముద్దగా చేసిన లినక్సు డెబ్బైలలోకి వెనక్కి అడుగు వేసిందన్నాడు. లినస్ టోర్వాల్డ్స్‌కు అప్పుడు 22 ఏళ్ళు. ఉడుకునెత్తురు. నిప్పులు కక్కుతూ జవాబిచ్చాడు. ఆచార్యులవారు కూడా తక్కువ తినలేదు. ఈ డిజైనుతో నా విద్యార్థివై ఉంటే మంచి మార్కులు వచ్చేవి కావన్నారు.

ఈ కథను కొట్లాటగా చెప్పుకొని సంబరపడేవారు చాలామంది. ఆ వెంటనే జరిగింది మాత్రం చెప్పుకోరు. లినస్ తన మాటతీరుకు అక్కడే క్షమాపణ చెప్పుకొన్నాడు. డిజైను విషయంలో ఒక్క అంగుళం కూడా వెనక్కి తగ్గలేదు. ఈ రెండూ ఒకే మనిషి ఒకే వారంలో చేయగలిగాడు. "క్షమించండి" అంటే ఓడిపోయినట్లే అనుకొనేవారు ఇది చూడాలి.

అసలు ముచ్చట 2004లో జరిగింది. లినక్సు లినస్ స్వయంగా వ్రాసినది కాదు, మినిక్సు నుంచి ఎత్తినదని నిరూపించాలని ఒక అమెరికన్ సంస్థకు చెందిన కెన్ బ్రౌన్ అనే ఆయన ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళి టానెన్‌బామ్‌ను కలిశాడు. పన్నెండేళ్ళ నాటి కసి తీర్చుకోవడానికి ఇంతకంటె మంచి అవకాశం ఉంటుందా? టానెన్‌బామ్ ఏమి చేశాడంటే, లినస్ నా కోడు దొంగిలించలేదని బహిరంగంగా వ్రాశాడు. ఆ ఆరోపణను తుత్తునియలు చేశాడు. ఆ సందర్భంలో కూడా మైక్రోకెర్నెలే మేలన్న తన వాదాన్ని వదలలేదు! డిజైనులో నువ్వు తప్పు, నిజాయితీలో నువ్వు నిష్కళంకుడివి అని ఒకే నోటితో చెప్పగలగడం. సభ్యత అన్న మాటకు నేను చెప్పగల నిర్వచనం ఇదే.

ఇంతకూ ఎవరు గెలిచారు? లినక్సు ఆండ్రాయిడ్ ఫోన్లలో, సర్వర్లలో లోకమంతా నిండింది. అయితే ఇంటెల్ చిప్పులలోని నిర్వహణ భాగంలో మినిక్సు నడుస్తున్నదని 2017లో లోకానికి తెలిసింది. లినక్సు కూడా కాలక్రమంలో అవసరమైనప్పుడు ఎక్కించి దింపుకోగల మాడ్యూళ్ళను తెచ్చుకొన్నది. 2005లో ఫైల్‌సిస్టములను కెర్నెల్ బయట వ్రాసుకొనే వీలు కల్పించింది. ఇద్దరి మాటలలోనూ నిజం ఉన్నది. తప్పయినది "కాలం చెల్లింది" అన్న తీర్పు ఒక్కటే.

నా సిగ్గు కథ

ఊరివారి కథలు చెప్పి నా కథ దాచుకోవడం న్యాయం కాదు.

చాలా ఏళ్ళ క్రితం హైదరాబాదులో ఒక కంపెనీలో బిల్లింగు వ్యవస్థకు నేను డిజైను చేశాను. తగ్గింపుల లెక్క కోసం ఒక "నియమాల యంత్రం" కట్టాను. ఏ నియమమైనా ఫైలులో వ్రాసి పెడితే చాలు, యంత్రమే చదువుకొని అమలు చేస్తుంది. నాకు అదంటే మహా ముచ్చట. సమీక్షకు ఎనిమిదిమందిమి కూర్చొన్నాము. ఉద్యోగంలో చేరి ఆరు నెలలైనా నిండని ఒక కుర్రవాడు చెయ్యెత్తి, "సార్, నియమాలు నాలుగే కదా. ఏది ముందు, ఏది వెనక నడుస్తుందో ఈ ఫైలు చూస్తే తెలియడం లేదు. మామూలుగా వరుసగా వ్రాసేస్తే సరిపోదా?" అన్నాడు.

నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నది. "ముందు కామాలు, సెమీకోలన్లు సరిగ్గా పెట్టడం నేర్చుకో బాబూ, ఆర్కిటెక్చరు తరువాత చూద్దాం." అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. "సరే సార్" అన్నాడు.

ఆ తరువాత ఏడాదిన్నరపాటు ప్రతి సమీక్షలోనూ అతని నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటే, "బాగుంది సార్." నేను దాన్ని ఎదుగుదల అనుకొన్నాను.

ఒక పండగ వారంలో ఐదవ నియమం చేర్చాము. కొందరు ఖాతాదారులకు తగ్గింపు రెండుసార్లు పడింది. ఏ నియమం ముందు నడిచిందో పట్టుకోవడానికి మూడు రాత్రులు పట్టింది. పట్టుకొన్నది ఆ కుర్రవాడే. తెల్లవారుజామున క్యాంటీనులో టీ తాగుతూ, "ఇది నీకు ముందే తెలుసా?" అని అడిగాను. "మొదటిరోజే చెప్పాను కదా సార్" అన్నాడు. గొంతులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. అది ఉన్నా బాగుండేది.

ఆ నష్టం నా డిజైను వల్ల వచ్చిందని అందరూ అన్నారు, నేనూ ఒప్పుకొన్నాను. కాని డిజైనులో తప్పు ఉండటం సహజం. దాన్ని పట్టుకొనేందుకు సమీక్ష అనేది ఒకటి పెట్టుకొన్నాము. దాన్ని నా నోటితో నేనే చెడగొట్టాను. కటువైన మాట ఒక్క మనిషిని బాధించి ఊరుకోదు. గదిలో ఉన్న మిగతా ఏడుగురూ కూడా ఆ రోజు ఒక పాఠం నేర్చుకొన్నారు, ఇక్కడ ప్రశ్న అడిగితే నవ్వులపాలవుతామని. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. కోడు సంగతీ అంతేనని ఆ తెల్లవారుజామున తెలిసింది.

"లినక్సు తిట్లతోనే పెరిగింది కదా?"

ఇది నా మొదటి రకం ప్రతిపక్షుల బ్రహ్మాస్త్రం. వారి వాదాన్ని వీలైనంత బలంగానే చెబుతాను. పెద్ద ప్రాజెక్టుకు కాపలాదారు కావాలి. అనవసరమైన జటిలతను గడప దాటనివ్వకూడదు. మెత్తగా చెబితే జనం వినరు, పదిసార్లు తిరిగి వస్తారు. గట్టిగా ఒక్కసారి చెబితే అందరి సమయమూ కలిసివస్తుంది. కెర్నెల్ నాణ్యతే దీనికి రుజువు.

ఇందులో సగం నిజం. కాపలాదారు కావాలి, "కాదు" అనగలగాలి. ఆ "కాదు" వెనక బూతు కూడా ఉండాలన్నదానికి మాత్రం రుజువు ఏమీ లేదు. ఊరేగింపులో ఏనుగు వెనకాల కుక్క మొరుగుతూ నడుస్తుంది. ఏనుగు నడిచేది కుక్క మొరిగినందుకా? పైగా ఆ కాపలాదారే 2018 సెప్టెంబరు 16న తన మాటలు తోటివారిని గాయపరిచాయని బహిరంగంగా ఒప్పుకొని, క్షమాపణ చెప్పి, కొంతకాలం పక్కకు తప్పుకొన్నాడు. కొన్ని వారాలకు తిరిగివచ్చాడు. కెర్నెల్ కూలిపోలేదు. "కాదు" అనడం ఆగిపోలేదు.

దెబ్బ పైనున్నవారికి కూడా తగులుతుంది. అదే 2018 జులై 12న పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రోసమ్ ఆ భాషకు నాయకత్వం నుంచి తప్పుకొన్నాడు. కారణం చూస్తే చిన్నదే. వ్యక్తీకరణ మధ్యలో విలువను ఒక పేరుకు అప్పగించే కొత్త గుర్తు భాషను క్లిష్టం చేస్తుందా, కుదిస్తుందా అన్న తగాదా. తన నిర్ణయాన్ని అంతమంది ఈసడించుకోవడం చూసి, ఇక ఇటువంటి పోరాటం తన వల్ల కాదన్నాడు. 2019లో వచ్చిన పైథాన్ 3.8లో ఆ గుర్తు చేరింది. ఇష్టమున్నవారు వాడుతున్నారు, లేనివారు మానేశారు. గోటితో పోయేదానికి అంత గొడ్డలి దేనికి?

మరి నిజంగా కఠినంగా మాట్లాడవలసినప్పుడో? టోనీ హోర్ 1980 ట్యూరింగ్ పురస్కార ప్రసంగం చూడండి. అడా భాష మోయలేనంత జటిలమైనదని, దాన్ని ఉన్నదున్నట్లు ఆమోదించవద్దని అంతకంటె గట్టిగా చెప్పినవారు లేరు. అయితే ఆయన మొదలుపెట్టింది అడాతో కాదు. తాను నడిపించిన ఎలియట్ 503 మార్క్ 2 సాఫ్టువేరు ఎలా కుప్పకూలిందో, ముప్ఫై మనిషి-సంవత్సరాలకు పైగా శ్రమ ఎలా బూడిదైందో ముందు చెప్పుకొన్నాడు. ఆ తరువాతనే ఎదుటివారి జటిలత మీద వ్రేలు పెట్టాడు. తన పుండు చూపించి మాట్లాడినవాడి కఠినత్వం వైద్యుడి కఠినత్వంలాగా ఉంటుంది.

"ఎందుకొచ్చిన గొడవ" అనేవారితో

ఇక రెండవ రకంవారు. వీరు తిట్టరు. సమీక్షలో చిరునవ్వు నవ్వుతారు. "మంచి ప్రయత్నం" అంటారు. లిఫ్టు దగ్గర మాత్రం "వాడి డిజైను నడిచినట్లే" అని పెదవి విరుస్తారు. ఎవరైనా నిలదీసి ప్రశ్నిస్తే "మీ స్వరం కాస్త..." అంటూ వాదాన్ని వదిలేసి స్వరాన్ని పట్టుకొంటారు.

ఇది మర్యాద అని నేను ఒప్పుకోను. ఆ కుర్రవాడు నాకు ఏడాదిన్నర చెప్పిన "బాగుంది సార్" ఇటువంటి మర్యాదే. అతనికి అది ఆత్మరక్షణ, తప్పు నాది. కాని సాటి హోదాలో ఉండి, భయం లేకుండా ఉండి, కేవలం మొహమాటంతో ముడిని చూసి కూడా ఊరుకొనేవారు అర్ధరాత్రి ఫోనుకు లేవవలసిన అనామకుడి పట్ల అమర్యాదగా ప్రవర్తిస్తున్నారు. అతను ఆ గదిలో లేడు కనుక వారికి అతని ముఖం కనబడదు, అంతే.

పాత కొలమానం, కొత్త పని

వాదించడం ఎలాగో మన పూర్వులకు బాగా తెలుసు. గౌతముడి న్యాయసూత్రాలు చర్చను మూడుగా విడదీశాయి. తత్త్వం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడమే లక్ష్యంగా మాటల గారడీకి కూడా ఒడిగట్టేది జల్పం. తనకంటూ ఒక పక్షం నిలబెట్టకుండా ఎదుటివాడి పక్షాన్ని కూలగొట్టడమే పనిగా పెట్టుకొన్నది వితండం.

ఈ మూడు గుళ్ళతో మన సమీక్షలను తూచి చూడండి. "ఇది అతి జటిలం" అని చెప్పి, ఏ రెండు పాయలు ఎక్కడ చిక్కుపడ్డాయో చూపకుండా, బదులుగా ఏమి చేయవచ్చో సూచించకుండా కుర్చీకి చేరగిలబడినవాడు చేసింది విమర్శ కాదు, వితండం. "పెద్దపెద్ద కంపెనీలు ఇలాగే చేస్తున్నాయి" అని నోరు మూయించినవాడిది జల్పం. వారి సమస్య వేరు, మన సమస్య వేరు అని తెలిసి కూడా గెలుపు కోసం ఆ మాట వాడాడు.

శాస్త్రాలలో సిద్ధాంతం చెప్పబోయే ముందు పూర్వపక్షం చెప్పాలన్న నియమం ఉన్నది. దాన్ని నీరుగార్చి చెబితే పండితులు నవ్వుతారు. దీనికి ఈ కాలపు నమూనాలు రెండు చెబుతాను.

లిస్ప్ పండితుడు రిచర్డ్ గేబ్రియల్ "తక్కువైనదే మేలు" అన్న ప్రసిద్ధమైన వాదాన్ని 1991లో అచ్చువేయించాడు. తయారుచేసేవాడికి సరళంగా ఉన్న డిజైను, అన్నివిధాలా సరైన డిజైను కంటె బాగా బ్రతుకుతుందన్నది దాని సారాంశం. తరువాత ఆయనే మారుపేరుతో దానికి ఖండన వ్రాశాడు! తన పూర్వపక్షాన్ని తానే ఇంత నిజాయితీగా మోసినవారు అరుదు.

రెండవది తాజాది. చిన్నచిన్న ఫంక్షన్లు, తక్కువ వ్యాఖ్యానాలు అన్న మతానికి "క్లీన్ కోడ్" (2008) వ్రాసిన రాబర్ట్ మార్టిన్ ఆచార్యుడు. ఫంక్షన్లను అతిగా ముక్కలు చేస్తే జటిలత పెరుగుతుందనీ, వ్యాఖ్యానాలు అవసరమనీ చెప్పే మతానికి "ఎ ఫిలాసఫీ ఆఫ్ సాఫ్ట్‌వేర్ డిజైన్" (2018) వ్రాసిన జాన్ ఔస్టర్‌హౌట్ ఆచార్యుడు. వీరిద్దరూ 2024 సెప్టెంబరు నుంచి 2025 ఫిబ్రవరి దాకా కలిసి ఒక సంవాదం వ్రాసి అందరికీ అందుబాటులో పెట్టారు. ప్రధాన సంఖ్యలు లెక్కగట్టే ఒక చిన్న ప్రోగ్రామును మధ్యన పెట్టుకొని, నీ పద్ధతి ఇది, నా పద్ధతి ఇది అని చెరొకరకంగా తిరగవ్రాశారు. ఎక్కడ కలిశారో, ఎక్కడ కలవలేదో తేల్చి చెప్పారు. ఎవరూ మతం మార్చుకోలేదు. చదివినవారికి మాత్రం రెండు మతాల బలమూ బలహీనతా తెలిసివచ్చింది.

చివరి మాట

నా మటుకు నేను ఆ క్యాంటీను టీ తరువాత మూడు నియమాలు పెట్టుకొన్నాను. జటిలం అనే ముందు ఏ పాయ ఏ పాయతో చిక్కుపడిందో వ్రేలు పెట్టి చూపాలి. కాదనే ముందు ఎదుటివారి కారణాన్ని వారు "అవును, నేనన్నది ఇదే" అనేలాగా తిరిగి చెప్పాలి. సమీక్షలో అందరికంటె చిన్నవారిని ముందుగా మాట్లాడించాలి, పెద్దవారు మాట్లాడిన తరువాత వారికి మాట్లాడటానికి మిగిలేది "సరే సార్" ఒక్కటే కనుక. ఈ మూడూ ఇప్పటికీ అప్పుడప్పుడూ తప్పుతూనే ఉంటాను. తప్పినప్పుడల్లా క్షమాపణ చెప్పుకోవడం నాలుగవ నియమం.

చంటిపిల్లకు జుట్టు చిక్కుపడితే తల్లి ఏమి చేస్తుంది? కొబ్బరినూనె రాసి, ఒళ్ళో కూర్చోబెట్టుకొని, కుదుళ్ళ దగ్గర చేత్తో గట్టిగా అదిమిపట్టి, కొసల నుంచి ఒక్కొక్క పాయగా విప్పుకొంటూ వస్తుంది. చిక్కు పూర్తిగా పోయేదాకా వదలదు. పిల్ల గింజుకొన్నా వదలదు. అలాగని జుట్టు పట్టుకొని ఈడ్వదు.

కాదు, జుట్టు పట్టి ఈడిస్తేనే చిక్కు వస్తుందనేవారు ఎవరైనా ఉంటే రండి, వాదిద్దాము. ముందు మీ పూర్వపక్షం నేను చెబుతాను, తప్పుంటే దిద్దండి.